లాక్‌డౌన్‌లో పరుగు ఆగకుండా

2020 మార్చి 25న మొదలైన కరోనా లాక్‌డౌన్‌లో పార్కులకు తాళాలు పడ్డాయి, రేసులు వాయిదా పడ్డాయి. అలాంటి రోజులు మళ్లీ వచ్చినా పరుగు మానకండి, డాబా చాలు. ఒకటే జాగ్రత్త: చిన్న చోట ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంటే ఒక కాలి మీదే ఎక్కువ భారం పడుతుంది. పది చుట్లకోసారి దిశ మార్చండి, లేదా ఎనిమిది అంకెలా పరుగెత్తండి. ఇంత చిన్న చుట్లలో వాచీ చూపించే దూరాన్ని నమ్మలేం. అందుకే కిలోమీటర్ల టెన్షన్ వదిలేసి, అరగంటో ముప్పావుగంటో టైమ్ పెట్టుకోండి.

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఒకసారి లాగిన్ అయితే ఇక తీరిక దొరకదు. ఎండ ఎక్కకముందే ముగించండి, కుదరకపోతే ఆఫీస్ క్యాలెండర్‌లో మీటింగ్‌లాగే ఆ టైమ్ బ్లాక్ చేయండి. కింది ఇంటివాళ్లకు చప్పుడు వినిపిస్తుందేమో ముందే అడగండి. సాయంత్రం పిల్లలు డాబా మీదికి వస్తామంటే తీసుకెళ్లండి, ఆ చుట్లు మాత్రం ట్రైనింగ్‌లో లెక్కేయకండి, అది వాళ్ల టైమ్.