తెరచాప పడవలో కరెంటు – 3వ పాఠం: ఒడ్డు తీగ పీకాక తెలిసే సంగతి

కిందటి పాఠంలో ఆంపియర్ అవర్ లెక్క, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క, నేర్చుకున్నాం. ఈసారి ఆ లెక్క తప్పేలా చేసే ఒడ్డు తీగ గురించి, అంటే ఒడ్డు నుంచి పడవకి కరెంటు తెచ్చే తీగ గురించి.

మెరీనాలో (పడవలు నిలిపే రేవులో) కట్టేసి ఉన్నన్నాళ్లూ పడవలో ఏ లోపమూ బయటపడదు. దీపాలు వెలుగుతాయి, ఫ్రిజ్ చల్లగా ఉంటుంది, వోల్ట్‌మీటర్ 13.5 చూపిస్తుంది. తీగ పీకి, ఎక్కడో లంగరు వేసిన మొదటి రాత్రే దీపాలు గుడ్డివైపోతాయి. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఛార్జర్ దాన్ని నిలబెట్టి చూపించింది, అంతే.

పడవలో రెండు కరెంట్లు వేరు కాపురాలు చేస్తుంటాయి. ఒడ్డు నుంచి వచ్చేది ఏసీ: యూరప్‌లో 230 వోల్టులు, అమెరికాలో 120. వేడినీళ్ల ట్యాంకు, గోడ సాకెట్లు దాని వంతు. దీపాలు, పంపులు, రేడియో, చాలా పడవల్లో ఫ్రిజ్ కూడా 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. ఈ రెండింటికీ మధ్య వారధి ఛార్జరే. తీగ తగిలించి ఉన్నప్పుడు డీసీ ఖర్చంతా అదే భరిస్తుంది, బ్యాటరీ మీద బరువు పడదు. కాబట్టి అప్పుడు మీటరు చెప్పేది ఛార్జర్ వోల్టేజీ, బ్యాటరీ ఆరోగ్యం కాదు.

ముందు తగిలించే పద్ధతి. పడవలోని ఏసీ మెయిన్ బ్రేకర్ ఆపండి, ఒడ్డు స్తంభం మీది బ్రేకరూ ఆపండి. తీగను మొదట పడవకి, తరువాత స్తంభానికి పెట్టండి. తీసేటప్పుడు స్తంభం వైపు ముందు. తిరగేస్తే, బ్రేకర్ ఆపడం మరిచిన రోజున కరెంటున్న తీగ కొస చేతిలో పట్టుకుని నీళ్ల మీదుగా అడుగు వేస్తున్నట్టే. ప్లగ్గు పిన్నులు నల్లబడి ఉంటే గీకి సరిపెట్టకండి. కనెక్షన్ వదులై వేడెక్కుతోందన్నమాట. ప్లగ్గు, సాకెట్ రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్నీ కాల్చేస్తుంది.

తీగలోని ఎర్త్ గురించి ఒక్క మాట. దాని ద్వారా మీ పడవవీ, పక్క పడవవీ నీళ్లలో మునిగిన లోహాలు కలిసి పెద్ద బ్యాటరీ సెల్‌గా మారతాయి, మిగతా లోహాలు తినేసిపోకుండా పడవకి తగిలించే మీ జింకు దిమ్మలు త్వరగా కరిగిపోతాయి. ఎర్త్ తీగ కోసేస్తే ఈ బాధ పోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అది ప్రాణాల మీదికి తెస్తుంది. దీనికి మందు గాల్వానిక్ ఐసొలేటర్, ఎర్త్‌ని ఉంచుతూనే ఆ చిన్న కరెంటును అడ్డుకునే పరికరం. దాని సంగతి మరో పాఠంలో.

ఇక అసలు పరీక్ష. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఛార్జర్ మొదట 14.4 వోల్టుల దాకా గట్టిగా నెడుతుంది, కాసేపు అక్కడే ఆగుతుంది, ఆపై 13.5 దగ్గర జోలపాడుతుంది. చివరి ఇరవై శాతం నిండడానికే గంటలు పడుతుంది. అందుకే పూర్తిగా నిండనివ్వండి. తీగ తీసేసి, డీసీ స్విచ్‌లన్నీ కట్టేసి రాత్రంతా వదిలేయండి. తెల్లవారి మీటరు చూస్తే 12.7 దగ్గరుంటే నిండు, 12.2 అంటే సగం, 12 కిందైతే అడుగంటినట్టే.

ఈ అంకె ఒక్కటీ చాలదు. కాటికి కాళ్లు చాపిన బ్యాటరీ కూడా విశ్రాంతిలో 12.7 చూపించగలదు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద 5 ఆంపియర్ల బరువు పెట్టండి, అంటే మొత్తం 5 ఆంపియర్లు లాగేలా దీపాల్లాంటివి వేసి ఉంచండి. కంపెనీలు సాధారణంగా ఆ 100ని కొలిచేది ఇరవై గంటల లెక్కన, అంటే సరిగ్గా ఈ 5 ఆంపియర్ల మీదే. పది గంటలు గడిచాక బరువు తీసేసి, గంటో రెండు గంటలో ఆగి చూడండి. 12.2కి అటూ ఇటూ ఉంటే సంతోషం. పది గంటల్లోపే, బరువు మోస్తుండగానే 11.8కి జారితే ఆపేయండి. అందులో మిగిలింది మీరు అనుకున్నంత లేదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నవాళ్లు ఈ వోల్టుల పట్టికను పక్కన పెట్టండి. ముప్పావు వంతు నిండినా, పావు వంతు మిగిలినా అది 13.2 చుట్టుపక్కలే తిరుగుతుంది. వాళ్లకి షంట్ (బ్యాటరీ తీగలో పెట్టే, కరెంటును కొలిచే ముక్క) ఉన్న మానిటర్ తప్పదు. అది వచ్చిపోయే ఆంపియర్లను లెక్కపెడుతుంది.

అభ్యాసం: రాత్రంతా ఆగాక వచ్చిన అంకె, అయిదో గంట అంకె, పదో గంట అంకె తేదీతో సహా రాసుకోండి. ఇంజన్ ఆల్టర్నేటర్ పాఠంలో వీటితోనే మొదలుపెడతాం.