చెల్లినో తమ్ముడినో న్యూరెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్‌కి తీసుకెళ్లాలంటే

జర్మనీకి వచ్చిన మొదటి ఏడాదే ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చి మనల్ని చూసి వెళ్తే బాగుండునని అందరికీ ఉంటుంది. అమ్మానాన్నలు చలికి భయపడతారు కాబట్టి శీతాకాలంలో వచ్చేది ఎక్కువగా చెల్లో తమ్ముడో. వాళ్లకు సెలవులు దొరికేది ఇయర్ ఎండ్‌లో కదా అని డిసెంబర్ 23కో 24కో ఫ్లయిట్ బుక్ చేసేస్తారు. దయచేసి అలా చేయకండి. ఇక్కడ క్రిస్మస్ మార్కెట్లు పండగకు ముందు నాలుగు వారాల సంబరం, పండగ వచ్చేసరికి చాలావరకు ఎత్తేస్తారు. న్యూరెంబర్గ్‌లో డిసెంబర్ 24 మధ్యాహ్నం రెండింటికల్లా మార్కెట్ అయిపోతుంది. 25, 26 తేదీల్లో సూపర్ మార్కెట్లు కూడా మూతే. అంత దూరం నుంచి వచ్చిన పిల్లకు ఖాళీ వీధులు చూపించాల్సి వస్తుంది. డిసెంబర్ మొదటి రెండు వారాల్లో సెలవు పెట్టమని ఆగస్టులోనే చెప్పేయండి.

వీసా పని కూడా అప్పుడే మొదలుపెట్టాలి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఖర్చులు మీరే పెట్టుకునేటట్టయితే మీ ఊరి విదేశీయుల కార్యాలయంలో హామీ పత్రం తీసుకుని ఒరిజినల్ ఇండియాకు పంపాలి. ఆ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, అందుకే ముందు దాని సంగతి చూడండి.

బట్టల గురించి టెన్షన్ వద్దు. అక్కడ వేలకు వేలు పోసి జాకెట్ కొనడం కంటే మీ దగ్గరున్న రెండోది ఇవ్వడం నయం. అసలు చలి పట్టేది పాదాలకు. రాళ్లు పరిచిన నేల మీద గంటల తరబడి నిలబడితే స్పోర్ట్స్ షూస్ ఆగవు. మందపాటి సోలున్న బూట్లు, ఉన్ని సాక్సులు ఉండాలి.

మ్యూనిక్ నుంచి వెళ్లేవాళ్లకు రీజనల్ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు గంటా ముప్పావు. మీ డాయిచ్‌లాండ్ టికెట్ (నెలవారీ రైలు, బస్సు పాస్) మీ ఒక్కరికే చెల్లుతుంది, చెల్లికి బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో ఒక రోజుకు చెల్లే టికెట్) కొనండి. మామూలు రోజుల్లో అది ఉదయం తొమ్మిది నుంచే పనిచేస్తుంది, దాని మీద పేరు రాయాలి. న్యూరెంబర్గ్‌లో మెట్రోకీ ట్రామ్‌కీ అదే సరిపోతుంది.

శని, ఆదివారాలు వద్దు. భుజాలు రాసుకుంటూ నడవడమే తప్ప ఏదీ చూడలేరు. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం మూడింటికి మార్కెట్ జరిగే హౌప్ట్‌మార్క్ట్ మైదానానికి చేరుకోండి. ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన కొట్లను వెలుతురులో ఒక చుట్టు చూస్తే, నాలుగుంబావుకల్లా సూర్యుడు దిగిపోయి దీపాలు వెలుగుతాయి. ఎండు ప్లమ్ పండ్లతో ఒళ్లు, అక్రోట్ కాయతో తల చేసి, ఆ కాయ మీద కళ్లూ మూతీ గీసిన చిన్న బొమ్మలు ఈ ఊరి ప్రత్యేకం. ఒక్కో మొహంలో ఒక్కో భావం. తొందరపడకుండా చూడండి. పక్కనే ఉన్న షోనర్ బ్రున్నెన్ అనే ఫౌంటెన్ కంచెకు ఇత్తడి రంగు రింగు ఉంటుంది. దాన్ని తిప్పి కోరిక కోరుకోవడం ఇక్కడి ఆనవాయితీ.

మార్కెట్‌ను ప్రారంభించేది బంగారు రంగు జుట్టు, కిరీటం పెట్టుకుని దేవదూతలా కనిపించే క్రిస్ట్‌కిండ్. ఆ వేషానికి రెండేళ్లకోసారి ఊరి అమ్మాయిల్లోంచి ఒకరిని ఎన్నుకుంటారు. 2019లో ఎన్నికైన బెనిగ్నా మున్సీ తండ్రి ఇండియాలో పుట్టినవారు. ఒక పార్టీ శాఖ ఆమె మూలాల గురించి నీచంగా పోస్టు పెడితే, దేశం నలుమూలల నుంచి జనం ఆమె పక్షాన నిలబడ్డారు. ఈ విషయం మీ చెల్లికి తప్పకుండా చెప్పండి. ఇక్కడ మన స్థానం ఏమిటన్న ప్రశ్న వాళ్ల మనసులోనూ ఉంటుంది.

గ్లూవైన్ దాల్చినచెక్క, లవంగాలతో కాచిన వేడి వైన్. తియ్యగా ఉండటంతో మద్యమని తెలియదు, ఖాళీ కడుపున తాగితే తల తిరుగుతుంది. వద్దనుకునేవాళ్లకు కిండర్‌పున్ష్ ఉంది, అది మద్యం లేని పళ్ల పానీయం. కప్పుకు డిపాజిట్ విడిగా తీసుకుంటారు, తిరిగి ఇస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. నచ్చితే కప్పు ఉంచేసుకోవచ్చు. మా చెల్లి ఇప్పటికీ విజయవాడలో అందులోనే టీ తాగుతుంది.

బన్నులో మూడు చిన్న సాసేజ్‌లు పెట్టి ఇచ్చేది పంది మాంసం, తినని వాళ్లకు ముందే చెప్పండి. శాకాహారులకు వెల్లుల్లి సాస్‌తో పుట్టగొడుగులు, కాల్చిన చెస్ట్‌నట్స్ ఉంటాయి. ఆపిల్ సాస్‌తో ఇచ్చే బంగాళదుంప అట్టులో గుడ్డు ఉండొచ్చు, అడగండి. రాగి గిన్నెలో పంచదార పాకం పట్టే బాదం పప్పు దగ్గరికొస్తే బెల్లం వండే ఊళ్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. వేడివేడిగా కాగితం పొట్లంలో పోసిస్తారు. అన్ని కొట్లలోనూ కార్డు తీసుకోరు, యాభై యూరోల దాకా నగదు, టాయిలెట్‌కు చిల్లర దగ్గర పెట్టుకోండి. జనంలో బ్యాగు ముందుకు వేసుకోండి.

ఇంటికి పంపడానికి ఎలిసెన్ లేబ్‌కూఖెన్ అనే మసాలా కేకు బిస్కెట్లు కొనండి. బాదం, అక్రోట్ లాంటి పప్పులు కనీసం 25 శాతం, పిండి 10 శాతానికి మించకుండా చేసేదే ఆ పేరుకు అర్హమైనది. వారాల తరబడి నిలవ ఉంటుంది. అందులో గుడ్డు పడుతుంది కాబట్టి, గుడ్డు ముట్టని అమ్మమ్మకు పంచదార బాదం విడిగా ప్యాక్ చేయించండి.