ఈస్ట్ ఉప్పుకు అలవాటు పడటాన్ని ఇంట్లో బెలూన్‌తో చూడటం ఎలా?

రొయ్య పిల్లల సంచులు చెరువు గట్టుకు చేరగానే ఎవరూ వాటిని విప్పి నీళ్లలో కుమ్మరించరు. ముందు సంచుల్ని చెరువులో తేలనిస్తారు. తర్వాత మూతి విప్పి, చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతారు. వేడిలో, ఉప్పదనంలో తేడా ఒక్కసారిగా తగిలితే పిల్ల తట్టుకోలేదని భీమవరం వైపు ఏ రైతును అడిగినా చెబుతారు. అలా అలవాటు పడే వేళ ప్రాణి ఒంట్లో ఏం జరుగుతుంది? రొయ్యలో చూడటం కష్టం. బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌లో అయితే వంటింట్లోనే చూడొచ్చు: అది పంచదార తిని వదిలే గ్యాస్ బెలూన్‌ను ఎంత త్వరగా లేపుతుందో కొలిస్తే చాలు.

కావలసినవి: డ్రై ఈస్ట్, పంచదార, ఉప్పు, అరలీటరు ప్లాస్టిక్ సీసాలు మూడు, ఒకే సైజు బెలూన్లు మూడు, గ్రాముల్లో తూచే కాటా, దారం, స్కేలు.

1. ఈస్ట్‌ను లేపండి

సీసాల మీద అ, ఆ, ఇ అని రాసుకోండి. ఒక్కోదాంట్లో కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు 200 మి.లీ., పంచదార 20 గ్రాములు, ఈస్ట్ 3 గ్రాములు కలపండి. నీళ్లలో వేలు పెడితే హాయిగా ఉండాలి. చురుక్కుమంటే ఈస్ట్ చచ్చిపోతుంది. మూతలు బిగించకుండా అరగంట వదిలేయండి.

టైం లేదని ఈ అరగంట మానేయకండి. ప్యాకెట్‌లో ఎండి ఉన్న ఈస్ట్ కణం నిండా ట్రెహలోజ్ అనే చక్కెర ఉంటుంది. ఎండినా ప్రాణం నిలిచేది చాలావరకు దాని వల్లే. తడిసి, పులియడం మొదలయ్యాక ఆ చక్కెర ఖర్చవుతుంది, అప్పుడు కణం మామూలు స్థితికొస్తుంది. మనకు కావలసింది ఆ మామూలు కణం.

2. ఒక్క సీసాకే ముందు ఉప్పు రుచి చూపండి

'ఆ' సీసాలో మాత్రం 6 గ్రాముల ఉప్పు వేయండి. కొంచెం కొంచెంగా వేయాలి, లేకపోతే నీళ్లలో కరిగి ఉన్న గ్యాస్ నురగై పైకి తన్నుకొస్తుంది. ఇప్పుడు అందులో ఉప్పు 3 శాతం, అంటే సముద్రపు నీటికన్నా కాస్త తక్కువ. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి.

ఇక గంటసేపు ఆగండి. పైకి ఏమీ కనిపించకపోయినా అసలు పని ఈ గంటలోనే జరుగుతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే, ఈస్ట్ కణంలోంచి నీరు బయటికి లాగేసుకుపోయి కణం ముడుచుకుంటుంది. పొర మీదున్న ప్రోటీన్లు దాన్ని పసిగడతాయి. కొద్ది నిమిషాల్లోనే హాగ్1 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి చేరి, జీపీడీ1 లాంటి జన్యువుల్ని పనిలోకి దింపుతుంది. దాంతో కణంలో నీటిని పట్టి ఉంచే గ్లిసరాల్ అనే పదార్థం తయారీ పెరుగుతుంది. అది బయటికి జారిపోయే ఎఫ్‌పీఎస్1 అనే దారి కూడా మూసుకుంటుంది. లోపల గ్లిసరాల్ పేరుకునే కొద్దీ పోయిన నీరు తిరిగొస్తుంది. హాగ్1 జన్యువు గురించి 1993లో వెల్లడైంది. అది లేని ఈస్ట్ గట్టి ఉప్పులో పెరగలేదు. సుమారు 6,000 జన్యువులున్న ఈస్ట్ జీనోమ్ మొత్తాన్ని 1996లోనే చదివేశారు కాబట్టి, ఏ జన్యువు తీసేస్తే ఏమవుతుందో ఒక్కొక్కటిగా పరీక్షించడం ల్యాబుల్లో వీలైంది.

3. మూడింటికీ బెలూన్ తొడగండి

మూడు గ్లాసుల్లో 100 మి.లీ. చొప్పున గోరువెచ్చని నీళ్లు తీసుకోండి. 'అ' కోసం 18 గ్రాములు, 'ఆ' కోసం 12 గ్రాముల ఉప్పు కరిగించండి. 'ఇ'కి ఉత్త నీళ్లే. ఏ సీసాది దానిలో మెల్లగా పోసి, ఉన్న గ్యాస్ పోయేదాకా బాగా ఊపండి. బెలూన్లను ముందే ఒకసారి ఊది సాగదీసి, అప్పుడు తొడగండి.

ఇప్పుడు అ, ఆ రెండింట్లోనూ ఉప్పు సరిగ్గా 6 శాతమే. తేడా ఒక్కటే: 'ఆ' ఈస్ట్‌కు సిద్ధపడటానికి గంట టైం దొరికింది.

4. కొలవండి

పావుగంటకోసారి బెలూన్ చుట్టూ దారం చుట్టి కొలిచి రాసుకోండి. రెండు మూడు గంటలు చాలు. 'ఇ' అందరికన్నా ముందు లేస్తుంది. 'ఆ' బెలూన్ 'అ'కన్నా ముందు లేవాలి. చివరికి ఏది పెద్దదైందన్నది పట్టించుకోకండి. ఉప్పులో గడిపిన గంటలో 'ఆ' ఈస్ట్ తక్కువ పెరిగి, తక్కువ పంచదార తిని ఉంటుంది కాబట్టి ఆ లెక్క మోసం చేస్తుంది. ముందు ఎవరు లేచారన్నదే చూడండి. ఒక్కసారి చేసి నమ్మకండి, కనీసం మూడుసార్లు చేయండి.

సముద్రపు సంగతి

ఉప్పు మడుల్లో బతికే డునాలియెల్లా అనే నాచు కూడా గ్లిసరాల్‌నే నమ్ముకుంటుంది. మన తీరం వెంట రొయ్యల హ్యాచరీల్లో డబ్బాల్లో వచ్చే ఆర్టీమియా (రొయ్య పిల్లలకు మేతయ్యే చిన్న ఉప్పునీటి జీవి) గుడ్లయితే ఈస్ట్ ప్యాకెట్‌లాగే ట్రెహలోజ్ దాచుకుని ఎండిపోయి ఉంటాయి. ఉప్పునీళ్లలో వేస్తే అదే ట్రెహలోజ్ గ్లిసరాల్‌గా మారి, నీరు లాక్కుని, పెంకు పగిలేలా చేస్తుంది.

ప్రయోగం బాగా కుదిరాక, రెండో అంచెలోని గంటను 10 నిమిషాలు, 30 నిమిషాలుగా మార్చి చూడండి. ఈస్ట్ జన్యువులకు ఎంత టైం సరిపోతుందో మీ దారం కొలతల్లోనే తెలుస్తుంది.