పెల్లెట్ స్టవ్ వెలిగించే ముందు: బూడిద చల్లారిందని నమ్మకండి

పోయిన వారం మా పక్క టౌన్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంటి డెక్ (ఇంటికి ఆనుకుని చెక్కతో కట్టిన అరుగు) అర్ధరాత్రి తగలబడింది. వంటగది వైపు గోడ కూడా చాలావరకు పోయింది. పొగ అలారం మోగబట్టి పిల్లలతో సహా అందరూ బయటపడ్డారు. ఈ చలికాలానికి పెల్లెట్ స్టవ్ (రంపపు పొట్టును నొక్కి చేసిన పెల్లెట్లు అనే గుళికలు కాల్చి ఇల్లు వెచ్చబెట్టేది) వెలిగించడం వాళ్ళకు అదే మొదలు. పొద్దున స్టవ్ ఆపేశారు. సాయంత్రం బూడిద తీసి, కిరాణా షాపు కాగితం సంచిలో పోసి, మర్నాడు చెత్తలో వేద్దామని డెక్ మీద పెట్టారు. తీసేటప్పుడు చేత్తో ముట్టుకుని చూశారట, చల్లగానే ఉందట.

అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్, మెయిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల వైపు పాత ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఇంటితో పాటే ఈ స్టవ్ వచ్చింది. ఇక్కడ గ్యాస్ లైను లేని ఊళ్ళు ఎక్కువ, ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ బిల్లు చూసి భయపడి స్టవ్ వాడటం మొదలుపెడతారు. తప్పేమీ లేదు, మంచి వస్తువే. ఎలా వెలిగించాలో, ఏ బటన్ ఏం చేస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది కాబట్టి అవి ఇక్కడ రాయడం లేదు. ఇళ్ళు కాలడానికి కారణమవుతున్న విషయం గురించే ఎక్కువ చెప్తాను.

బూడిద

బూడిద వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. అందులో కూరుకుపోయిన బొగ్గు ముక్కకు గాలి సరిగ్గా అందదు, అందుకని అది భగ్గున మండదు, పూర్తిగా ఆరిపోదు కూడా. పైన నివురు, లోపల నిప్పు. నాలుగు రోజుల దాకా అలా ఉండొచ్చని ఇక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఏటా చెప్తూనే ఉంటాయి. మీరు ముట్టుకునేది పైపొరను మాత్రమే. ఆ బూడిదను గరిటెతో తీసి సంచిలో పోసినప్పుడు లోపలి నిప్పు కణిక పైకి వస్తుంది, గాలి తగులుతుంది, పక్కనే కాగితం ఉంటుంది. మిగతా పని రాత్రి గాలి చేస్తుంది.

మన ఊళ్ళలో పొయ్యి బూడిద పెంటకుప్ప మీద పోస్తే గాలికి రాజుకుని పక్కనున్న గడ్డివాము అంటుకున్న సంగతులు పెద్దవాళ్ళకు తెలుసు. ఇక్కడ ఆ గడ్డివాము ఉండాల్సిన చోట చెక్క డెక్ ఉంది, దానికి ఆనుకుని చెక్కతో కట్టిన ఇల్లే ఉంది.

కాబట్టి బూడిద కాగితం సంచిలో పోయకూడదు. అట్టపెట్టెలో పోయకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో, చెత్తడబ్బాలో పోయకూడదు. గట్టిగా మూత పడే ఇనప బకెట్‌లో పోసి, వెంటనే మూత పెట్టి, ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో మట్టి మీదో, కాంక్రీటు మీదో, రాయి మీదో పెట్టాలి. డెక్ మీద వద్దు. గరాజ్‌లో వద్దు. మంచు పడుతోంది, దూరం నడవాలంటే బద్ధకంగా ఉంది, ఈ ఒక్క రాత్రికి గరాజ్‌లో పెడదాం అనుకున్న వాళ్ళ కారూ గరాజూ రెండూ పోయాయి, అది నేను కళ్ళారా చూశాను. బయట పెట్టాక నీళ్ళు పోసి తడిపితే ఇంకా మంచిది. నెమ్మదిగా పోయండి, ఆవిరి మొహానికి కొడుతుంది. తడి బూడిద చర్మాన్ని మండిస్తుంది, చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

బూడిద ఎంత వస్తుందో తెలిస్తే బకెట్ సైజు తెలుస్తుంది. పెల్లెట్లు 40 పౌండ్ల బస్తాలుగా వస్తాయి, 50 బస్తాలు ఒక టన్ను. ప్రీమియం గ్రేడ్‌లో బూడిద 1 శాతానికి మించకూడదు. అంటే టన్నుకు 20 పౌండ్ల దాకా వస్తుంది. చలికాలంలో మూడు టన్నులు కాలిస్తే 60 పౌండ్లు. చిన్న డబ్బా సరిపోదు, రెండు బకెట్లు కొనుక్కోండి. ఒకటి చల్లారుతుంటే రెండోది వాడొచ్చు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళకు ఇది ముందే చెప్పండి. "బూడిదే కదమ్మా, మొక్కలకు మంచిది" అని తీసుకెళ్ళి కుండీల్లో, డెక్ పక్కన మొక్కల చుట్టూ పరిచిన చెక్క పొట్టులో (మల్చ్) చల్లేస్తారు. వాళ్ళకు నిప్పు గురించి మనకంటే బాగా తెలుసు, కానీ ఈ ఇల్లు దేనితో కట్టారో తెలియదు.

వాక్యూమ్

ఇది కూడా బూడిద సంగతే. కార్పెట్ ఊడ్చే వాక్యూమ్‌తో స్టవ్ శుభ్రం చేయకండి. లోపలికి లాక్కున్న చిన్న కణిక దుమ్ము నిండిన సంచిలో పడుతుంది, మీరు నడిపిస్తున్న గాలే దాన్ని ఊది మండిస్తుంది. మామూలు ఫిల్టర్ మెత్తటి బూడిదను ఆపలేదు కూడా, అదంతా వెనక నుంచి గదిలోకి వచ్చి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బూడిద కోసమే చేసిన, ఇనప డబ్బా ఉన్న యాష్ వాక్యూమ్ కొనండి. అది ఉన్నా సరే, వేడి బూడిద లాగకండి. పని అయ్యాక దాన్ని ఖాళీ చేయకుండా క్లోజెట్‌లో పెట్టకండి. లోపల ఉన్నదీ బూడిదే, దాన్నీ ఇనప బకెట్‌లోకే వంచాలి.

ఆపడం, తర్వాత ప్లగ్ తీయడం

కట్టెల స్టవ్‌లో పొగ దానంతట అదే చిమ్నీలోంచి పైకి పోతుంది. పెల్లెట్ స్టవ్‌లో పొగను బయటికి లాగేది ఎగ్జాస్ట్ ఫ్యాన్. మంట ఉండగా ప్లగ్ పీకేస్తే ఫ్యాన్ ఆగిపోతుంది, స్టవ్ లోపల మంట ఉండే చిన్న కుండలో పెల్లెట్లు కాలుతూనే ఉంటాయి, ఆ పొగ ఇంట్లోకి తిరుగుతుంది. ఆఫ్ బటన్ నొక్కి, ఫ్యాన్లు వాటంతట అవే ఆగేదాకా ఆగండి. ఆ తర్వాత గంటల తరబడి చల్లారనివ్వండి. శుభ్రం చేసే రోజు ముందు రాత్రే ఆపడం మంచి పద్ధతి. పూర్తిగా చల్లారాక, చేయి లోపల పెట్టే ముందు మాత్రం ప్లగ్ తీసి తీరాలి. పెల్లెట్లను నెట్టే ఆగర్ తిరగడం మొదలుపెడితే వేళ్ళు మిగలవు.

సీజన్‌కు ముందు

ఏడాదికోసారి సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్‌ను పిలవండి. ఇల్లు కొత్తగా కొన్నవాళ్ళు మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్‌ను నమ్ముకోవద్దు. ఇల్లు చేతులు మారినప్పుడు పొగగొట్టాన్ని లెవెల్ 2 తనిఖీ (లోపల కెమెరా పెట్టి కూడా చూసేది) చేయించాలని ఇక్కడి జాతీయ ప్రమాణం చెప్తుంది, అది అడిగి చేయించుకోండి. స్టవ్ ఉన్నట్టు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

మీ అంతట మీరు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. స్టవ్ చల్లగా ఉన్నప్పుడు తలుపు అంచుల్లో ఒక డాలర్ నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే తలుపు చుట్టూ ఉన్న తాడు లాంటి గ్యాస్కెట్ అరిగిపోయినట్టే, మార్చాలి. గాలి లోపలికి రావాల్సిన దారిన కాకుండా ఆ సందులోంచి వస్తే మంట చెడుతుంది. పోయిన ఏడాది హాపర్‌లో (పెల్లెట్లు పోసే తొట్టి) మిగిలిన పెల్లెట్లు, అడుగున పేరుకున్న రంపపు పొట్టు తీసేయండి. వేసవి చెమ్మకు అవి ఉబ్బి ఆగర్‌లో సిమెంటులా పట్టేస్తాయి. బయట గోడలోంచి వచ్చే వెంట్ (పొగ బయటికి పోయే గొట్టం) మూతిలో పక్షిగూడు ఉందేమో చూడండి.

వెంట్ పైపు సాధారణంగా మూడు లేదా నాలుగు అంగుళాలది. అందులో మెత్తటి బూడిద వంపుల దగ్గర, కింద T అక్షరం ఆకారపు ముక్కలో పేరుకుంటుంది. ఆ ముక్కకు మూత ఉండేది శుభ్రం చేయడానికే. పైపు మూసుకుపోతోందని స్టవ్ ముందే చెప్తుంది. చురుగ్గా, పసుపు రంగులో మండే మంట నీరసంగా, నారింజ రంగులో ఊగుతుంది, అద్దం గంటల్లోనే నల్లబడుతుంది. అప్పుడు చాలామంది మంట తగ్గిందని పెల్లెట్లు పెంచుతారు. గాలి తక్కువైనచోట ఇంధనం పెంచితే మసి, పొగ, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతాయి. ఆపండి, శుభ్రం చేయండి, ఆ తర్వాతే వెలిగించండి.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. మంటలతో సంబంధం లేకుండా ఈ ఒక్క వాయువు వల్లే అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర అలారం పెట్టండి. వెనక ముద్రించిన గడువు తేదీ చూడండి. నాలుగు బీప్‌లు, కాస్త ఆగి మళ్ళీ నాలుగు వస్తే కార్బన్ మోనాక్సైడ్. మూడు మూడుగా వస్తే పొగ. నిమిషానికి ఒకటి వస్తే బ్యాటరీ అయిపోయింది, లేదా అలారం కాలం తీరింది. పగలంతా ఇంట్లో ఉండే అమ్మకూ నాన్నకూ దీన్ని మోగించి వినిపించండి. జ్వరం లేకుండా ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం జరిగితే మాత్రలు వేసుకుని పడుకోకండి. బయటికి వెళ్ళి 911 కి ఫోన్ చేయండి.

కరెంటు పోయినప్పుడు

2008 డిసెంబర్ ఐస్ స్టార్మ్‌లో (వాన పడీ పడగానే గడ్డకట్టే తుఫాను) ఒక్క న్యూ హ్యాంప్‌షైర్‌లోనే 4 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అలాంటి రాత్రి ఈ స్టవ్ పని చేయదు, పైగా మండుతూ ఉండగా కరెంటు పోతే పొగ లోపలికి వస్తుంది. స్టవ్ కంపెనీ ఒప్పుకున్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి. జనరేటర్ అయితే కిటికీలకు, తలుపులకు 20 అడుగుల అవతల, ఆరుబయట. గరాజ్ తలుపు తెరిచి ఉంచినా సరే, గరాజ్‌లో నడపొద్దు.

మిగతావి వరసగా చెప్తున్నాను. గుర్తుపెట్టుకోండి.

మంచు పడినప్పుడల్లా బయటి వెంట్ మూతి చుట్టూ పార పట్టండి.

స్టవ్ వెలగకపోతే కుండలో పేరుకున్న పెల్లెట్లు తీసేశాకే మళ్ళీ ప్రయత్నించండి. స్టవ్ లోపల నిండా కమ్మిన పొగ ఒక్కసారిగా అంటుకుంటే అద్దం పగులుతుంది.

అలా తీసిన పెల్లెట్లు తిరిగి హాపర్‌లో పోయకండి. వాటిలో నిప్పు ఉండొచ్చు. అవీ ఇనప బకెట్‌లోకే.

కిరోసిన్, పెట్రోల్, శానిటైజర్ పోసి వెలిగించకండి.

యూట్యూబ్ చూసి సేఫ్టీ స్విచ్‌కు వైరు ముక్క వేసి బైపాస్ చేయకండి. ఎంత చలిగా ఉన్నా వద్దు. ఆ స్విచ్ స్టవ్‌ను ఆపుతోందంటే పొగకు దారి లేదని అర్థం.

ఆకులు ఊదే బ్లోయర్‌తో వెంట్‌లోని బూడిద లాగేవాళ్ళు, స్టవ్ ఆపి ఒక రోజు పూర్తిగా దాటకుండా ఆ పని చేయకండి. ఆ బూడిద ఎండాకుల మీదకు అసలే వద్దు.

అద్దం వేడిగా ఉండగా తడిగుడ్డ పెట్టకండి.

స్టవ్ చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉండాలి. తడి సాక్సులు, చీరలు, తువ్వాళ్ళు ఆరేయకండి. దోశెల పిండి పులవడానికి గిన్నె ఆ గదిలో పెట్టుకోండి, స్టవ్ మీద పెట్టి గుడ్డ కప్పకండి.

పెల్లెట్ బస్తాలు స్టవ్‌కు ఆనించి పేర్చకండి.

హాపర్ మూత తెరిచి ఉంచకండి. పిల్లలను మూత తీయనివ్వకండి.

బూడిద గరాజ్‌లో పెట్టకండి. మళ్ళీ చెప్తున్నాను, మూత ఉన్న బకెట్ అయినా సరే గరాజ్‌లో వద్దు, డెక్ మీద వద్దు, పోర్చ్‌లో వద్దు.

చెత్తబండి వచ్చే రోజని ఆదరాబాదరాగా బూడిదను చెత్తడబ్బాలో పడేయకండి. బండిలో రాజుకుంటే కాలేది పక్కవాళ్ళ వీధి.

స్టవ్ ఆపి ఊరెళ్ళేవాళ్ళు ఆ రోజు బూడిద తీయకండి, లోపలే ఉండనివ్వండి. స్టవ్‌లో ఉన్నంతసేపు అది ఎవరినీ ఏమీ చేయదు.

బకెట్ మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ "వేడి బూడిద" అని రాయండి. పోసిన ప్రతిసారీ కింద తేదీ వేయండి. చివరి తేదీకి వారం దాటేదాకా ఇంట్లో ఎవరూ దాన్ని ఎక్కడా వంచకూడదు.