డిస్టోపియన్ కథలో వాతావరణ భయాన్ని పాత్రల్లో నిలపడం ఎలా?

వాతావరణ మార్పు నేపథ్యంగా డిస్టోపియన్ కథ, అంటే సమాజం చెడి కూలిపోయిన భవిష్యత్తును చూపే కథ, రాయదలచినవారు ముందుగా ప్రళయాన్నీ, దాని గురించిన భయాన్నీ వేరుచేసి చూడాలి. ప్రళయం ఒక సంఘటన; భయం మాత్రం అది రావడానికి ఎన్నో ఏళ్ల ముందే ఇంట్లో తిష్ఠ వేసి, మనుషుల నిర్ణయాలను మార్చేస్తుంది. 2021లో పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందితో జరిపిన సర్వేలో, వాతావరణ మార్పుపై తమకున్న ఆందోళన దైనందిన జీవితాన్ని దెబ్బతీస్తోందని 45 శాతానికి పైగా చెప్పారు. మనకు కావలసిన కథావస్తువు ఆ దైనందిన జీవితంలోనే ఉంది.

అందుచేత మొదటి అధ్యాయంలోనే మునిగిపోయిన నగరాన్ని చూపకండి. రోజూ ట్యాంకులో నీటిమట్టం చూసి గోడ మీద గీత గీసే తల్లినీ, ఆ గీతలు కిందికి దిగుతున్న కొద్దీ ఎవరూ చెప్పకుండానే స్నానం మానేసే కొడుకునూ చూపండి. అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1993లో ప్రచురించిన ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’ నవలలో కథను 2024వ సంవత్సరంలో మొదలుపెట్టి, అక్కడ నీళ్లు పెట్రోలు కంటే ఎన్నో రెట్లు ఖరీదని చెబుతుంది. ఆ ఒక్క వివరంతో, ఉపన్యాసం అవసరం లేకుండానే, ఆ సమాజం ఎంత కూలిపోయిందో పాఠకుడికి అర్థమవుతుంది.

శాస్త్రాన్ని కూడా ఇలాగే వాడుకోవాలి. చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ మరీ ఎక్కువైతే చెమట ఆరదు. వేడినీ తేమనూ కలిపి చెప్పే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, ఆరోగ్యవంతులు సైతం నీడలో కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేరని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ప్రాణాపాయం అంతకంటే తక్కువలోనే మొదలవుతుంది. ఈ అంకెను కథలో రాయనక్కర్లేదు. దండెం మీద సాయంత్రమైనా ఆరని బట్టను మాటిమాటికీ తడిమి చూసుకునే నర్సు ఒకరుంటే చాలు, ఎందుకంటే దాని అర్థం ఆమెకు తెలుసు.

నేరమంతా ఒక దుర్మార్గపు కంపెనీ మీదికి నెట్టేస్తే కథ తేలిపోతుందని నా నమ్మకం. తాను నడిపే ఏసీ వల్లే బయటి వీధి మరికొంత వేడెక్కుతోందని తెలిసినా, పసిబిడ్డ కోసం దాన్ని ఆపలేని మనిషిలో భయమూ అపరాధభావమూ కలిసే ఉంటాయి.

తిరగరాసేటప్పుడు, ఇద్దరికీ తెలిసిన సంగతినే ఒక పాత్ర మరొక పాత్రకు వివరించే సంభాషణలన్నిటినీ కొట్టివేయండి. ఆ ఇద్దరూ ఏ విషయం ఎత్తకుండా తప్పించుకుంటున్నారో తేల్చుకుని, ఆ సన్నివేశాన్ని దాని చుట్టూ మళ్లీ రాయండి.