ఎండాకాలం రేకుల షెడ్డులో షీట్ మెటల్ పని: జాగ్రత్తలు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. జడ్చర్ల, చౌటుప్పల్ ఫ్యాక్టరీలైనా, మిర్యాలగూడ మిల్లులకు హాపర్లు (ధాన్యం పోసే గరాటులాంటి డబ్బాలు) చేసే షెడ్లైనా పైన రేకులు, లోపల వెల్డింగు. ఉక్క తట్టుకోలేక మనం ముందుగా తీసి పక్కన పెట్టేవి గ్లౌజులు, కళ్లద్దాలు, ఏప్రాను. తీసేయాల్సింది వాటిని కాదు, మధ్యాహ్నపు బరువు పనిని. వెల్డింగు, గ్రైండింగు పొద్దున్నే కానిచ్చి, ఎండ ముదిరాక మార్కింగు లాంటివి పెట్టమని సూపర్‌వైజరును అడగండి. నలుగురు కలిసి అడిగితే వింటారు.

అన్నిటికన్నా భయపడాల్సింది చెమటకు. మామూలు ఆర్క్ వెల్డింగు మెషినులో రాడ్డు దగ్గర 60 నుంచి 80 వోల్టులు ఉండవచ్చు. ఒళ్లు పొడిగా ఉంటే పెద్దగా తెలియదు. చొక్కా తడిసి, ట్యాంకులో ఇనుముకు వీపు ఆనించి కూర్చున్నవారికి అదే ప్రాణాంతకం. కింద చెక్క గానీ రబ్బరు మ్యాటు గానీ వేసుకోండి. రెండో జత గ్లౌజులు ఉంచుకుని, తడిసినవి ఆరేదాకా ముట్టుకోకండి. రాడ్డు పట్టే హోల్డరును చంకలో ఇరికించుకునే అలవాటు కొందరికి ఉంది, వెంటనే మానాలి.

అతుకును కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో కప్పుతూ చేసే సీఓటూ వెల్డింగులో ఫ్యాను గాలి నేరుగా తగిలితే గ్యాసు చెదిరి అతుకులో రంధ్రాలు పడతాయి. అందుకని ఫ్యాను కట్టేసి పొగలోనే పని చేస్తారు. ఫ్యాను ఆపకండి, అతుక్కి అడ్డుగా ఒక రేకు నిలబెట్టండి. జీఐ షీటు (జింకు పూసిన ఇనుప రేకు) అయితే అతికే చోట జింకు పూత ముందే గీకేయాలి. జింకు కాలిన పొగ పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. వడదెబ్బ అనుకుని పొరబడతారు. బెల్లం తింటే పొగ విరుగుతుందన్న మాట నమ్మకండి, బెల్లం రుచికి మాత్రమే.

1.6 మిల్లీమీటర్ల మందమున్న 8×4 అడుగుల ఇనుప షీటు దాదాపు 37 కిలోలు. ఇద్దరు ఎత్తాలి. చెమట చేతుల్లోంచి జారితే పట్టుకోబోకండి, వదిలేసి వెనక్కి జరగండి. షియరింగు మెషినులో కోసిన అంచుకు ఒకవైపు కంటికి ఆనని బర్, అంటే పదునైన గరుకు అంచు ఉంటుంది. వేలు పెట్టి చూడకుండా ఆకురాయితో రుద్దండి. డ్రిల్లింగు దగ్గర మాత్రం గ్లౌజు తీసేయండి, తిరిగే బిట్టు గ్లౌజుతో పాటు వేలినీ లాగేస్తుంది. షీటు వంచే బెండింగు మెషిను దగ్గర ఇద్దరు షీటు పట్టుకుంటే పెడల్ ఒక్కరిదే. అవతలివారు నోటితో సరే అన్నాకే కాలు వేయాలి.

కరెంటు పోతే మెషిను స్విచ్ వెంటనే కట్టేయండి. మళ్లీ వచ్చినప్పుడు దానంతటది తిరగడం మొదలుపెడితే, అప్పటికి చెయ్యి ఎక్కడుంటుందో చెప్పలేం.

ఆక్సిజన్, అసిటిలీన్ సిలిండర్లు నీడలో, నిలువుగా, గొలుసుతో కట్టి ఉండాలి. ఆక్సిజన్ రెగ్యులేటరుకు నూనె, గ్రీజు తగలనివ్వకండి.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసు నీళ్లు తాగండి. మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ. తోటివాడు తడబడుతూ మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్లతో తడుపుతూ విసరండి. వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.