నాలుగడుగులు వేస్తే పోయే నొప్పి

పోయిన ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద మా బ్యాచ్‌లో ఒకాయన పరుగెడుతూ ఉన్నట్టుండి కూలబడ్డాడు. అరికాల్లో ‘టప్’మని ఏదో తెగినట్టయిందన్నాడు. సాయంత్రానికి పాదం వంపు నల్లగా కమిలిపోయింది. మూడు నెలలుగా మడమ నొప్పి, మధ్యలో రెండు ఇంజెక్షన్లు, అయినా పరుగు మానలేదు. ఆగస్టు మారథాన్ కోసం కొత్తవాళ్లు కూడా బూట్లు కట్టే రోజులివి, అందుకే రాస్తున్నా.

బరువు తగ్గండి, మంచి షూ కొనండి అని అందరూ చెప్పేదే. నేను చూసినవాళ్లను ముంచింది ఒకటే మాట: “నాలుగడుగులు వేస్తే పోతుందిలే.”

ప్లాంటార్ ఫాసియైటిస్, అంటే అరికాలి పట్టీ దెబ్బతిని వచ్చే మడమ నొప్పి, దాని మోసమంతా అక్కడే. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాల్లో మందపాటి పట్టీ ఉంటుంది. రాత్రి పాదం కిందికి వాలి అది బిగుసుకుంటుంది. పొద్దున మంచం దిగి గ్రానైట్ మీద కాలు మోపగానే ఒక్కసారిగా సాగుతుంది, మడమలో మేకు దిగినట్టుంటుంది. బాత్రూమ్ దాకా కుంటుతాం. కాఫీ కలిపేసరికి మామూలుగా నడుస్తాం. తగ్గిందనుకుంటాం. పట్టీ సాగిందంతే, దెబ్బ అలాగే ఉంది. దానిమీదే ఐదు కిలోమీటర్లు పరుగెడతాం.

మంచం దిగకముందే కాలు మీద కాలు వేసుకుని, వేళ్లను చేత్తో మీ వైపు లాగి పది లెక్కపెట్టండి. అలా పదిసార్లు. అరికాల్లో పట్టీ తాడులా చేతికి తగలాలి. చెప్పులు మంచం పక్కనే ఉండాలి. వంటింట్లోకి చెప్పులేంటని మా అత్తయ్య గొడవ చేసింది. వేరే జత కొనిచ్చాక ఊరుకుంది.

గోడకు చేతులానించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముప్పై సెకన్లు పిక్క సాగదీయండి. పిక్క బిగిస్తే లాగుడంతా మడమకే. మన ఫ్లైఓవర్లు ఎక్కుతూ పరుగెడితే జరిగేదీ అదే.

ఎక్స్‌రేలో “ఎముక పెరిగింది” అంటే హడలిపోకండి, నొప్పి లేనివాళ్లకీ అది ఉంటుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి. షుగర్‌తో పాదం మొద్దుబారితే ఐసూ వద్దు, వేడినీళ్లూ వద్దు. అరిగిన హవాయి చెప్పులు పారేయండి. పెయిన్‌కిల్లర్ వేసుకుని పరుగెత్తొద్దు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి వైద్యం కాదు. పదే పదే వేస్తే పట్టీ తెగొచ్చు, మడమ కింద మెత్తగా ఉండే కొవ్వు పలచబడొచ్చు. వేయించుకుని పరుగెత్తొద్దు. తిమ్మిరి, వాపు, జ్వరం, నిద్రలేపే నొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చిన్న వయసులో రెండు మడమలూ నొచ్చి, పొద్దున నడుమూ పట్టేస్తే రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టర్‌కు) చూపించండి. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కానీ నెలలు పడుతుంది. తొందరపడొద్దు. నాలుగడుగులకు పోయినా సరే, పరుగు వద్దు.

మా బ్యాచ్‌లో ఇప్పుడు రూలు పెట్టుకున్నాం: పొద్దున మంచం దిగిన మొదటి అడుగు రెండు వారాలు వరసగా నొప్పి లేకుండా పడాలి. అప్పుడే బూట్లు. పదో అడుగు సంగతి నాకు చెప్పొద్దు.